జరుగని మరణముల లెక్క

ఒక సత్కార్యము ఫలించినదా లేదా యని యడుగుటయే అపచారమని తలచువారు మనలో పెక్కురు గలరు. ఆత్మహత్యా నివారణమునకై పాటుపడువారి విషయమున ఈ సంకోచము మరింత హెచ్చు. జరిగిన మరణమునకు పోలీసు ఠాణాలో ఒక కాగితము పుట్టును, శవపరీక్ష జరుగును, పత్రికలో నాలుగు పంక్తులు పడును. తప్పిపోయిన మరణమునకు ఇవి యేవియు లేవు. బ్రతికినవాడు మరునాడు పొలమునకో కళాశాలకో పోవును. ఆ బ్రతుకు ఎవరి చలువయో వానికే తెలియకపోవచ్చును.

2022వ సంవత్సరమున ఈ దేశములో 1,70,924 మంది ఆత్మహత్య వలన మరణించిరని జాతీయ నేర గణాంకముల సంస్థ ప్రకటించినది. అదే సంవత్సరము నవంబరులో కేంద్రప్రభుత్వము జాతీయ ఆత్మహత్యా నివారణ వ్యూహమును వెలువరించి, 2030 నాటికి ఈ మరణములను నూటికి పది వంతులు తగ్గింపవలయునని గమ్యము నిర్ణయించుకొనెను. పది వంతులు తగ్గినవని రేపు ఎవరైనను చెప్పిన యెడల, ఆ తగ్గుదల మన ప్రయత్నము వలననే కలిగినదని మనమెట్లు తెలిసికొందుము? ఈ ప్రశ్నపై ఇరువురి నడుమ సాగిన వాదము నిచట పొందుపరచుచున్నాను. ఒకరు సామాజిక వైద్యశాస్త్రమును చిరకాలము బోధించి విశ్రాంతి గైకొన్న ఆచార్యులు. రెండవవారు ఒకప్పుడు వారి తరగతిలోనే చదివి, ఇప్పుడు అనంతపురము జిల్లాలో, రాత్రులు టెలిఫోను వద్ద కూర్చుండి దుఃఖితుల మాటలు వినుటయు, పగటివేళ ఆసుపత్రినుండి ఇంటికి మరలినవారిని పల్లెలకు పోయి పలుకరించుటయు వ్రతముగా పెట్టుకొన్న కార్యకర్త.

కార్యకర్త: మాస్టారూ, నా మనసులోని మాట మొదటనే చెప్పెదను. రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగును. అవతలినుండి చాలసేపు మాట రాదు. ఊపిరి మాత్రమే వినబడును. నేను తొందరపెట్టను. అరగంటకో గంటకో గొంతు పెగలును, ఏడ్పు వచ్చును, ఎవ్వరికిని చెప్పుకొనని సంగతులన్నియు బయటపడును. తెల్లవారునప్పటికి "రేపు మా అక్క యింటికి పోయి నాలుగు దినములుండెదనమ్మా" యని ఆ కంఠమే చెప్పును. ఆ యొక్క మాటకు మీ పట్టికలలో ఏ గడిలో చోటున్నది? మాకు విరాళములిచ్చువారు ఈ యేడు "మీ వలన ఎందరు బ్రతికిరో అంకె వేసి చూపుడు" అని వ్రాసినారు. చదివినంతనే నాకు కోపము వచ్చినది.

ఆచార్యులు: కోపము న్యాయమైనదే యమ్మా, ప్రశ్నయు న్యాయమైనదే. నీవు చేయు పని వంటి పనికే యొకప్పుడు ఈ ప్రశ్న తగిలినది, ఆ కథ వినుము. 1953లో లండనులో చాడ్ వరా అను క్రైస్తవ పురోహితుడు, చావు తలపులతో కృశించువారికి టెలిఫోనులో తోడుగా నిలుచుటకై సమరిటన్స్ అను సంస్థను నెలకొల్పెను. పదునైదు సంవత్సరములలో దాని శాఖలు ఊరూర వెలసినవి. 1963లో ఇంగ్లండు వేల్సు దేశములలో ఆత్మహత్యలు 5,714 కాగా, 1975 నాటికి అవి 3,693కు దిగినవి; ఐరోపాలోని తక్కిన దేశములలో పెక్కింట అదే కాలమున అవి పెరుగుచుండెను. శాఖలు పెరుగుట, మరణములు తరుగుట ఏకకాలమున జరుగుచుండగా, ఇది దాని ఫలమే యని యెవరికి తోచదు? బాగ్లీ యను పరిశోధకుడు 1968లో శాఖలున్న పదునైదు పట్టణములను లేని పట్టణములతో పోల్చి, ఉన్నచోట మరణములు తగ్గినవనియు, లేనిచోట తగ్గలేదనియు చూపించెను. సేవకుల హృదయములు పొంగినవి.

కార్యకర్త: పొంగవా మరి! ఇంకేమి సాక్ష్యము కావలయును?

ఆచార్యులు: దేనితో దేనిని పోల్చితిమన్నదే అంతటికి మూలము. పది సంవత్సరములు గడచిన పిదప, 1978లో, జెన్నింగ్స్, బారక్లో, మాస్ అను మువ్వురు అదే ప్రశ్నను మరల తీసికొని, జనుల వయస్సు, ఐశ్వర్యము, ఒంటరి కాపురముల సంఖ్య మొదలగువానిలో ఒకదానికొకటి నిజముగా సరిపోలు పట్టణములను జతపరచి చూడగా, శాఖలున్న చోటికిని లేని చోటికిని నడుమ కనబడిన భేదము మాయమైనది. అయితే వేలకొలది మరణములు తగ్గిన మాట అబద్ధము కాదు గదా. అవి యేల తగ్గినవి? నార్మన్ క్రైట్‌మన్ అను మనోవైద్యుడు 1976లో దీనికి సమాధానము చెప్పెను. ఆ దేశపు వంటయిండ్లకు చిరకాలము బొగ్గునుండి తీసిన విషపూరితమైన వాయువు సరఫరా యగుచుండెను. ఆ దశాబ్దములో దానికి మారుగా హానిలేని సహజవాయువు వచ్చినది. 1963లో అచటి ఆత్మహత్యలలో నూటికి నలుబదికి పైగా ఆ వంటింటి వాయువు వలననే జరుగుచుండగా, 1975 నాటికి ఆ మార్గము దాదాపు లేకుండ పోయినది. వాయువును మార్చిన ఇంజనీర్లు ప్రాణరక్షణ మాట తలపనైన తలపలేదు. వారు చూచుకొన్నది ధర, సౌకర్యము.

కార్యకర్త: అయితే రాత్రింబగళ్లు మేలుకొని విన్న ఆ వేలమంది సేవ వృథా యనియా మీ తీర్పు?

ఆచార్యులు: వృథా యని నేననలేదు, దేశము మొత్తముమీద మరణసంఖ్య తగ్గుటకు వారే కారణమనుటకు సాక్ష్యము నిలువలేదని మాత్రమే యన్నాను. ఈ రెండు మాటలకును చాల దూరమున్నది. ఫోను చేయువారు వేరు, మరణించువారిలో అధికసంఖ్యాకులు వేరు కావచ్చును. సంధ్యవేళ ఇంటిలో మాట పట్టింపు వచ్చి, మూలనున్న పురుగుమందు డబ్బా వంక చూచువాడు ఫోను వంక చూడడు. అట్టివాని ప్రాణము నిలుపునది నీ కంఠముకంటె, ఆ డబ్బాలో ఏమున్నదన్న సంగతియే.

కార్యకర్త: నాకిది మింగుడుపడదు మాస్టారూ. చావవలెనని నిశ్చయించుకొన్నవానికి ఒక దారి మూసిన మరియొక దారి దొరకదా? మా పల్లెలలో ముసలివారు మొదలుకొని అధికారుల దనుక అందరును ఈ మాటయే చెప్పుదురు.

ఆచార్యులు: అందరును చెప్పుదురు, అందరును పొరబడుదురు. ఆ తలపు చాలమందికి కొండవలె కదలనిది కాదు. కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములు మాత్రమే తీవ్రముగా నుండి శాంతించును. ఒకసారి ప్రయత్నించి బ్రతికినవారిలో నూటికి తొంబదిమందికి పైగా ఆ తరువాత ఆత్మహత్య వలన మరణింపరని అనేక దేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. అనగా ఆ గడియ దాటించినయెడల, ఆ మనిషి చాలవరకు దాటినట్లే. మన పొరుగున నున్న శ్రీలంకనే చూడుము. 1995లో అచట లక్షమందిలో దాదాపు 47 మంది ఆత్మహత్య వలన పోవుచుండిరి. ప్రపంచములోని అత్యధిక సంఖ్యలలో నదియొకటి. వారిలో పెక్కురు పల్లెప్రజలు, పెక్కింటికి సాధనము పురుగుమందు. అచటి ప్రభుత్వము 1984 నుండియే కొన్నిటిని నిషేధించుచు వచ్చి, ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదటి తరగతిలో చేర్చిన మహావిషములలో మిగిలిన వానిని 1995లో తొలగించి, 1998లో మరియొకదానిని, 2008 మొదలు 2011 లోపల మరి మూడింటిని అంగళ్లనుండి తప్పించినది. 2015 నాటికి ఆత్మహత్యల నిష్పత్తి నూటికి డెబ్బది వంతులు తగ్గినది. ఆ ఇరువది సంవత్సరములలో దక్కిన ప్రాణములు 93 వేలని యొక అంచనా. పంటల దిగుబడి పడిపోవునని భయపెట్టినవారుండిరి. లెక్క తీసి చూడగా పడిపోలేదు.

కార్యకర్త: మీరు నేర్పిన పాఠమే మీకు అప్పగించెదను. ఇంగ్లండులో శాఖలు పెరుగుటయు మరణములు తరుగుటయు ఒక్కమారు జరిగినంత మాత్రమున కారణకార్యములు కావంటిరి. శ్రీలంకలో మాత్రము నిషేధమును మరణముల తగ్గుదలయు ఒక్కమారు జరిగిన, అది చాలునా? అచట అంతర్యుద్ధము సాగుచుండెను. ఆత్మహత్యాయత్నమును నేరముగా చూచు చట్టమును 1998లో తీసివేసినారు. ఆసుపత్రులు బాగుపడినవి. ఇన్ని మార్పులలో మీరు కోరిన మార్పునకే కిరీటము పెట్టుట న్యాయమా?

ఆచార్యులు: భేష్! సరిగా పట్టుకొన్నావు. పరిశోధకులును ఈ ప్రశ్న వేసికొనిరి. నిరుద్యోగము, మద్యపానము, విడాకులు, యుద్ధము తీవ్రమైన సంవత్సరములు, వీనిలో నేదియు మరణముల హెచ్చుతగ్గులతో కలిసి నడువలేదు. నిషేధముల తరువాతనే వంపు తిరిగినది; ఆ వంపు స్త్రీలలోను పురుషులలోను, పిన్నలలోను పెద్దలలోను కనబడినది. అన్నిటికంటె బలమైన సాక్ష్యము ఆసుపత్రులనుండి వచ్చినది. విషము త్రాగి ఆసుపత్రి చేరినవారి సంఖ్య తగ్గలేదు, పైగా పెరిగినది. వారిలో మరణించువారి పాలు మాత్రము పడిపోయినది. త్రాగుట ఆగలేదు, త్రాగినది చంపలేదు. ఆసుపత్రుల వైద్యము మెరుగుపడుట కూడ దీనిలో కొంత పాలు పంచుకొన్నదని నేనొప్పుకొందును. ఎంత పాలో విడదీయుట కష్టము. మొత్తమునకు నిషేధమే ప్రధానమని నా నమ్మకము.

కార్యకర్త: మీరే యన్నారు గదా, ఆసుపత్రి చేరికలు పెరిగినవని! అనగా ఆ ఇంటిలోని అప్పు తీరలేదు, త్రాగి వచ్చి కొట్టు మగడు మారలేదు, కోడలి కన్నీరు ఆరలేదు. మీ గణితము ప్రకారము అది విజయము. బ్రతికి యింటికి మరలిన ఆ పిల్లను నేను పోయి చూచెదను. ఊరివారు వింతగా చూచుచుందురు, అత్తవారు పలుకరు, ఆమె గోడవైపు తిరిగి పడుకొని యుండును. ఆమెను "దక్కిన ప్రాణము" అని పట్టికలో వ్రాసికొని మీరు పుస్తకము మూసివేసెదరు.

ఇచట సంవాదమును ఒక్క నిమిషమాపి నా యభిప్రాయమును చెప్పక యుండలేను. ఈ ఇరువురిలో ఆచార్యుల పక్షముననే నా మొగ్గు. మహావిషములను అంగడినుండి తొలగించుటకంటె ఎక్కువ ప్రాణములు నిలిపిన నివారణోపాయము పల్లెసీమలలో మరియొకటి కనబడదు. మన దేశములో 2018లో కొన్ని పురుగుమందులను నిషేధించుచు ఉత్తరువు వెలువడినది. ఆ జాబితాను ముందునకు సాగించుటయు, దాని ఫలమును జిల్లాల వారీగా కొలుచుటయు ప్రభుత్వముల మొదటి కర్తవ్యమని నేను దృఢముగా నమ్ముచున్నాను. అయినను గోడవైపు తిరిగి పడుకొన్న ఆ పిల్లను గూర్చి కార్యకర్త చెప్పిన మాటకు ఆచార్యుల శాస్త్రములో జవాబు లేదు. జవాబున్నట్లు వారును నటింపలేదు. కొంతసేపు మౌనముగా నుండి, వాదమును వేరొకవైపు త్రిప్పిరి.

ఆచార్యులు: ఆ పిల్లను గూర్చి తరువాత మాటాడుదము, నీ పని యొక్క విలువ అచటనే యున్నదని నేననుకొనుచున్నాను. ముందు ఒక మాట చెప్పుము. మీ సంస్థవారు ఇంటింటికి తాళపు పెట్టెలు పంచుటకు విరాళములు పోగుచేయుచున్నారని విన్నాను, నిజమేనా?

కార్యకర్త: నిజమే. పురుగుమందును పెట్టెలో పెట్టి తాళము వేసికొనినచో, ఆ గడియలో అది చేతికందదు. మీరు చెప్పిన సిద్ధాంతమే గదా యిది! దీనికి మీకు అభ్యంతరమేల?

ఆచార్యులు: సిద్ధాంతము చక్కనిది, నేనును ఒకప్పుడు దానిని సమర్థించినవాడనే. శ్రీలంకలోనే అనూరాధపుర ప్రాంతమున దీనిని పరీక్షకు పెట్టినారు. 180 గ్రామములను, 53 వేలకు పైగా కుటుంబములను తీసికొని, చీట్లు వేసి, సగము గ్రామములలో ఇంటింటికి తాళపు పెట్టె యిచ్చి, తక్కిన సగములో నీయక, మూడు సంవత్సరములు విషము త్రాగినవారి లెక్క తీసినారు. ఫలితము 2017లో వెలువడినది. ఏటికి లక్షమందిలో, పెట్టెలున్న గ్రామములలో 293, లేని గ్రామములలో 318. ఆ కొద్ది భేదము కాకతాళీయముగా రాదగినదే. పెట్టెల వలన ప్రయోజనము కలిగినదనుటకు ఆధారము దొరకలేదు.

కార్యకర్త: ... ఇంత పెద్ద పరీక్షలోనా?

ఆచార్యులు: ఇంత పెద్ద పరీక్ష గనుకనే నమ్మవలసి వచ్చినది. చిన్నదియైనచో ఏదో యొక సాకు చెప్పి తప్పించుకొందుము.

కార్యకర్త: మాస్టారూ, ఏల ఫలింపలేదో నేను చెప్పగలను. ప్రత్తికి మందు కొట్టు దినములలో తాళము ఎవరు వేసెదరు? ఉదయము తీసినది సాయంత్రము దాక తెరచియే యుండును. తాళపుచెవి ద్వారబంధమునకు మేకు కొట్టి తగిలించి యుండును, ఇంటిల్లిపాదికి తెలియును. ఇంటి యజమానియే దుఃఖములో నున్నచో, చెవి ఆయన మొలత్రాటికే యుండును. ఇవి యేవియు లేకున్నను, ఊరి చివర అంగడి యున్నది, అరువు దొరకును. తమిళనాడులో కడలూరు జిల్లా గ్రామములలో చెన్నైలోని స్నేహ సంస్థవారు ఇంటింటికి పెట్టె ఈయక, ఊరికంతకు ఒకే గిడ్డంగి కట్టి, ఎవరి అర వారికిచ్చి, కాపలాదారుని పెట్టినారు. మందు కావలసినవాడు నాలుగడుగులు నడిచి, మరియొక మనిషి మొగము చూచి, తీసికొనవలయును. అది మేలు కాదా?

ఆచార్యులు: మేలైన ఆలోచన, ఇంటి పెట్టెలో లేని రెండు గుణములు, దూరము, సాటిమనిషి చూపు, దానిలో ఉన్నవి. పరీక్షించిన గ్రామములు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. వానిని చూచి అవునని గాని కాదని గాని చెప్పలేను.

కార్యకర్త: ఇదియే మీతో వచ్చిన చిక్కు. మాది చిన్న సంస్థ. మేము పని చేయునది ఒకటి రెండు మండలములలో. మీకు లక్షల జనాభా కావలయును. పేదవాడు చేసిన మేలు ఎన్నటికి ఋజువు కానేరదన్నమాట!

ఆచార్యులు: ఋజువు కాదన్నది నీ తప్పు కాదు, మరణము అరుదైన సంఘటన యగుట వలన వచ్చిన చిక్కు అది. యాభై వేల జనాభా గల మండలమును తీసికొనుము. 2022లో దేశపు సగటు లక్షకు 12.4, అనగా ఆ మండలములో ఏటికి ఆరుగురు. ఎవరును ఏమియు చేయకున్నను అది ఒక యేడు మూడును కావచ్చును, మరొక యేడు తొమ్మిదియు కావచ్చును. తొమ్మిది మరణములు జరిగిన యేడు పత్రికలు గగ్గోలు పెట్టును, అధికారులు పరుగున వత్తురు, సంస్థవారు అచటనే పని మొదలుపెట్టుదురు. మరుసటి యేడు అది సహజముగనే అయిదారుకు దిగును. దిగినది తమ పుణ్యమేనని అందరును చిత్తశుద్ధితో నమ్ముదురు. వారిలో అబద్ధమాడినవాడు ఒక్కడును లేడు, అయినను వారు చేరిన నిశ్చయము అబద్ధము. నివారణ కార్యక్రమముల నివేదికలలో నేను చూచిన దోషములన్నిటిలో ఇది మిక్కిలి సామాన్యము, మిక్కిలి ప్రమాదకరము. ఎందుకనగా ఆ నమ్మకముతోనే ఫలింపని పనికి పది సంవత్సరములు ధనము పోయుదురు. ఆ ధనముతో దక్కవలసిన ప్రాణములు దక్కవు.

కార్యకర్త: ఆ ఆరుగురను లెక్క మీకెచట దొరికినది? ఠాణా కాగితములలో గదా! పల్లెలో ఒక పడుచు విషము త్రాగి మరణించినచో, "కడుపునొప్పి తాళలేక" యని వ్రాయించుట మీకు తెలియనిదా? చెల్లెండ్ర పెండ్లిండ్లకు అడ్డు వచ్చునని తల్లిదండ్రుల భయము. కేసు చుట్టుకొనునని బంధువుల భయము. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టము, ప్రయత్నించినవాడు తీవ్రమైన వేదనలో నున్నాడని భావించి శిక్షింపరాదని చెప్పినను, ఆ భయము ఊళ్లలో ఇంకను పోలేదు. ఇక రైతుల మాట. 2004లో 421వ నంబరు జీవో వచ్చి, మరణించిన రైతు కుటుంబమునకు లక్షన్నర రూపాయల సహాయమని నిర్ణయించి, అది అర్హమైనదా కాదా యని తేల్చుటకు త్రిసభ్య కమిటీని పెట్టినది. అప్పటినుండి లెక్క మారినది. పట్టాదారు పాసుపుస్తకము లేని కౌలురైతు మరణించినచో అతడు రైతే కాదు! పొలములో భర్తతో సమానముగా మోసిన ఆడుది మరణించినచో గృహిణి! ప్రభుత్వమునకు అంకె చిన్నదిగా కనబడవలెను, కుటుంబమునకు సహాయము అందవలెను, వైరిపక్షమునకు అంకె పెద్దది కావలెను. ముగ్గురు లాగిన అంకెను మీరు పునాదిగా చేసికొని, నా పనిని తూచుటకు వచ్చితిరి.

ఆచార్యులు: ఇందులో నీవు చెప్పిన దానికి నేనింకను బలము చేకూర్చగలను. 2010వ సంవత్సరమునకు పోలీసు లెక్క 1,34,599. అదే సంవత్సరమునకు, ఇంటింటికి పోయి మరణకారణములను కుటుంబములవద్ద విచారించి తయారుచేసిన పెద్ద సర్వేక్షణము, పదునైదేండ్లు దాటినవారిలోనే 1,87,000 అని అంచనా వేసినది. అనగా యాభైవేలకు పైగా మరణములు కాగితమెక్కలేదు. ఠాణా లెక్కను నమ్మి చిన్న కార్యక్రమమును తూచుట తప్పని ఒప్పుకొనుచున్నాను. కాని లెక్క చెడినదని లెక్కనే విడిచిపెట్టరాదు. ఆసుపత్రి అత్యవసర విభాగమున విషము త్రాగి చేరినవారి పట్టిక యున్నది. అది మరణములకంటె పదిరెట్లు పెద్దది కావచ్చును. దానిని శ్రద్ధగా వ్రాయించినచో, చిన్న సంస్థకైనను కొలువదగిన వస్తువు దొరకును.

కార్యకర్త: సరే, ఆసుపత్రి మాట వచ్చినది గనుక అడిగెదను. అచటినుండి ఇంటికి మరలినవారిని పలుకరించు నా పనియైనను ఫలించునా? దాని గతియు పెట్టెల గతియేనా?

ఆచార్యులు: దాని విషయమున నీకు సంతోషవార్తయే చెప్పగలను. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆధ్వర్యమున అయిదు చోట్ల, బ్రెజిలులోని కంపినాస్, మన చెన్నై, కొలంబో, ఇరానులోని కరజ్, చైనాలోని యున్‌చెంగ్ నగరములలో, ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రి చేరిన 1,867 మందిని తీసికొని, చీట్లు వేసి రెండు వర్గములు చేసినారు. ఒక వర్గమునకు మామూలు వైద్యము. రెండవ వర్గమునకు ఇంటికి పంపుటకు ముందు ఒక గంటసేపు నెమ్మదిగా మాటలాడుట, తరువాత పదునెనిమిది నెలలలో తొమ్మిది మారులు ఫోనుచేసియో ఇంటికి పోయియో పలుకరించుట. అంతే! 2008లో వెలువడిన ఫలితమేమనగా, మామూలు వైద్యము పొంది, జాడ తెలిసిన 827 మందిలో 18 మంది ఆత్మహత్య వలన మరణించిరి; పలుకరింపు పొందిన 872 మందిలో ఇద్దరు.

కార్యకర్త: పదునెనిమిదికి ఇద్దరా! ఇంతసేపు ఈ మాట దాచి, నన్నిన్ని ప్రశ్నలతో వేధించితిరా మాస్టారూ?

ఆచార్యులు: దాచుటకు కారణమున్నది. నీవు ఈ ఒక్క సంఖ్యను పట్టుకొని పరుగెత్తుదువని నా భయము. తహితీ దీవిలో ఈ పద్ధతినే రెండువందల మందిపై పరీక్షింపగా భేదము కనబడలేదు. అది చిన్న పరీక్ష గనుక దానితో తీర్పు చెప్పలేము. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అను వైద్యుడు, ఆసుపత్రినుండి పోయి తదుపరి చికిత్స నిరాకరించిన 843 మందిలో ఇంచుమించు సగము మందికి అయిదు సంవత్సరములపాటు చిన్న చిన్న జాబులు వ్రాయించెను. కుశలమడుగుట తప్ప వానిలో మరేమియు లేదు. జాబులందుకొన్నవారిలో మొదటి రెండేండ్లు మరణములు తక్కువ. తరువాత భేదము సన్నగిలినది. ఇవన్నియు కలిపి చూడగా, విడువక పలుకరించుట మేలు చేయుననియే నాకు తోచుచున్నది. ఎవరు పలుకరింపవలెను, ఎన్నిమార్లు, ఎంతకాలమన్నది మన నేలమీద మనమే తేల్చుకొనవలయును.

కార్యకర్త: కళాశాలల మాటయు చెప్పుడు. ఇంటరు ఫలితములు వచ్చు వారములో మా ఫోనులకు విరామముండదు. పిల్లలలోని మార్పులను గుర్తించుటకు అధ్యాపకులకు శిక్షణ నిచ్చు కార్యక్రమమునే అందరును మొదట అడుగుదురు.

ఆచార్యులు: అందరును మొదట అడుగునదియే ఒక పెద్ద పరీక్షలో ఫలింపలేదు. ఐరోపాలోని పది దేశములలో 168 పాఠశాలలను, 11,110 మంది పిల్లలను తీసికొని మూడు పద్ధతులను పరీక్షించి 2015లో ప్రకటించిరి. అధ్యాపకుల శిక్షణ వలనను, ప్రశ్నపత్రములతో జల్లెడపట్టుట వలనను చెప్పుకోదగిన భేదము రాలేదు. పిల్లలనే కూర్చుండబెట్టి, దుఃఖము వచ్చినప్పుడు ఏమి చేయవలెనో, తోటివాడు దుఃఖములోనున్నప్పుడు ఏమనవలెనో వారిచేతనే ఆడించి, మాటలాడించిన పద్ధతి వలన, సంవత్సరము తరువాత ప్రయత్నములు ఇంచుమించు సగమైనవి. మన ఇంటరు కళాశాలలు ఐరోపా పాఠశాలలు కావు. ఇచట ఒకే పరీక్ష మీద ఇంటి ఆశలన్నియు వ్రేలాడుచుండును. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష ఎంత త్వరగా పెట్టిన అంత మేలని నాకు తోచును. దానినిగూడ ఎవరైనను సరిగా కొలిచిన బాగుండును.

కార్యకర్త: ఒక సంగతి మాత్రము నా మనసొప్పదు. చీట్లు వేసి, ఈ ఊరికి చేయుదుము, ఆ ఊరికి చేయము అనుట. నా కంటి యెదుట ఆ ఊరిలో ఒకడు మరణించినచో, "నీ ఊరి చీటి రాలేదు నాయనా" యని వాని తల్లితో చెప్పుదునా?

ఆచార్యులు: ఇప్పుడు మాత్రము ఏమి చేయుచున్నావు? నీకున్న ధనము, మనుషులు ఇరువది గ్రామములకు చాలుదురు. మండలములో నలుబది యున్నవి. ఏ ఇరువదియో ఎవరు నిర్ణయించిరి? బస్సు పోవు ఊళ్లు, సర్పంచి పిలిచిన ఊళ్లు, ఎవరికో బంధువులున్న ఊళ్లు. తక్కిన ఇరువదింటి తల్లులకు ఆ సంగతియైనను చెప్పుటలేదు. చీటికంటె అది న్యాయమా? పైగా, మేలు చేయునో లేదో తెలియని దానిని ఈయకుండుట వంచన కాదు. పెట్టెలు రాని తొంబది గ్రామములు ఏమి నష్టపోయినవి?

కార్యకర్త: పెట్టెల విషయమున మీ మాట సరియే, అది నేనొప్పుకొనుచున్నాను. ఈ యేడు ఆ సొమ్మును పెట్టెలకు వెచ్చింపనని మా వారితో చెప్పెదను. పలుకరింపు వేరు. అది మేలు చేయునని మీరే సాక్ష్యము చూపితిరి. సాక్ష్యమున్న దానిని సగము ఊళ్లకు నిరాకరించుట ఎట్లు?

ఆచార్యులు: నిరాకరింపవద్దు. మొదటి యేడు ఇరువది గ్రామములు, రెండవ యేడు తక్కినవి. ఎవరు ముందన్నది మాత్రము చీటి తేల్చును. అందరికిని అందును, పోలికయు మిగులును.

కార్యకర్త: ఆ మొదటి యేడు రెండవ వరుస గ్రామములనుండి ఆసుపత్రి చేరినవారికి?

ఆచార్యులు: మామూలు వైద్యము, టెలీ మానస్ అను ప్రభుత్వ సహాయవాణి వారి 14416 నంబరు వ్రాసిన చీటి. దానికి రాత్రియైనను పగలైనను ఉచితముగా తెలుగులో మాటలాడవచ్చును గదా.

కార్యకర్త: చీటి మాత్రము చాలదు మాస్టారూ. 2022 అక్టోబరులో ఆ నంబరు మొదలైననాటినుండి నేను అందరికిని చెప్పుచున్నాను, అది మంచి పని. మంచముమీద పడియున్నవాడు తనంతట తాను ఆ నంబరు త్రిప్పునని నేను నమ్మను. రెండవ వరుస వారికిని కనీసము మూడు మారులు మా వాళ్లు ఫోను చేయుదురు. ఇంటికి పోవుట మాత్రము మొదటి వరుసకే.

ఆచార్యులు: అట్లయినచో రెండు వర్గముల నడుమ భేదము కుంచించుకొనిపోవును. నలుబది గ్రామములతో అది తేలదు. నూరైనను కావలయును, మూడు మండలములైనను కావలయును, ఆసుపత్రి పట్టికలు వ్రాయుటకు మరి ఇద్దరు మనుషులు కావలయును.

కార్యకర్త: నూరు గ్రామములే తీసికొందము. పట్టిక ఎట్లు వ్రాయవలెనో మీరు వచ్చి నేర్పుడు. మనుషులను నేను వెదకెదను. ఆ మూడు ఫోనులు మాత్రము నేను విడువను.

ఆచార్యులు: విడువవద్దులే. పట్టికలో దానికొక గడి పెట్టుదము. ఎవరికి ఎన్ని మారులు ఫోను చేసినారో, ఎవరు ఎత్తినారో, ఎవరు ఎత్తలేదో, తేదీతో సహా వ్రాయింపుము. ఎత్తనివారి ఇండ్లకు ఎవరు పోవలెనో గూడ ఇప్పుడే నిర్ణయించుకొనుము.